కోటకు కాపలా ఉంది, గనికి లేదు: తిరుపతి, చిత్తూరు కొండల్లో పాత కట్టడాల లెక్క

తిరుపతిలో బస్సెక్కితే అరగంటలో చంద్రగిరి కోట దగ్గర దిగొచ్చు. టికెట్ కౌంటరు ఉంటుంది, పచ్చిక ఉంటుంది, రక్షిత కట్టడమని చెప్పే పురావస్తు శాఖ బోర్డు ఉంటుంది. రాజమహల్ లోపల మ్యూజియం. అక్కణ్ణుంచి దక్షిణంగా చిత్తూరు, పలమనేరు దాటి, మూడు రాష్ట్రాలు కలిసే మూలకు పోతే గుడుపల్లె మండలంలో చిగురుగుంట, బిసానత్తం అనే ఊళ్ళు వస్తాయి. అక్కడ భూమిలోంచి బంగారం తీశారు. కోలారు బంగారు గనుల పట్టీ ఆంధ్రలోకి సాగిన చోటు అది. 2001లో తవ్వకం ఆగిపోయింది. ఆ చోటును చూడ్డానికి టూరిస్టులు రారు, అది మన వారసత్వమని అనేవాళ్ళూ తక్కువే.

కోటను కాపాడుకుని గనిని ఎందుకు వదిలేశాం? "కోట పాతది కదా" అంటారు. ఆ జవాబు నిలబడదు. పలమనేరు, పుంగనూరు వైపు పొలం గట్ల మీద బాణులు, వైదుంబులు, నొళంబులు అనే పాత రాజవంశాల కాలపు వీరగల్లులు ఉన్నాయి. ఆవుల మందల కోసం, ఊరి కోసం పోరాడి చచ్చిన వాళ్ళకు వెయ్యేళ్ళ కిందట నిలబెట్టిన రాళ్ళు అవి. రాజమహల్ కంటే చాలా పాతవి. వాటిలో చాలావాటికి కంచె లేదు, కొన్నింటికి గొర్రెలు ఒళ్ళు రుద్దుకుంటాయి. "కోట అందంగా ఉంటుంది కాబట్టి" అన్నా కుదరదు. తిరుమలలో ఆలయం ఎదుట ఉన్న వేయికాళ్ళ మండపం అందంలో దేనికీ తీసిపోయింది కాదు. 2003లో దాన్ని తీసేశారు.

వయసూ కాదు, అందమూ కాదు. ఈ కొండల్లో ఒక కట్టడం బతుకుతుందా లేదా అనేది ప్రధానంగా రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. అది ఏ ఆఫీసు రిజిస్టరులో ఉంది? ఇప్పటికీ ఎవరికైనా పనికొస్తోందా? ఈ రెండూ కలిసి ఒక్కో చోట ఒక్కో రకమైన ఫలితం ఇచ్చాయి.

రిజిస్టర్ల సంగతి

మన దేశంలో పాత కట్టడాల రక్షణకు పెద్ద చట్టం 1958లో వచ్చింది. దానికి ముందు కర్జన్ కాలంలో, 1904లో చేసిన చట్టం ఉండేది. 1958 చట్టం ప్రకారం కట్టడానికి కనీసం వందేళ్ళు నిండాలి, చరిత్ర పరంగానో పురావస్తు పరంగానో కళ పరంగానో విలువ ఉండాలి, జాతీయ ప్రాముఖ్యం ఉందని కేంద్రం ప్రకటించాలి. అలా ప్రకటించినవి దేశం మొత్తం మీద 3,700కు కాస్త తక్కువ. చంద్రగిరి కోట అందులో ఉంది. ఏర్పేడు దగ్గర గుడిమల్లంలో క్రీస్తుపూర్వపు లింగం ఉన్న పరశురామేశ్వరాలయం కూడా కేంద్ర పురావస్తు శాఖ చేతిలోనే ఉంది.

రెండో మెట్టులో రాష్ట్రానిది 1960 నాటి చట్టం. జాతీయ స్థాయికి ఎక్కనివాటిని రాష్ట్ర పురావస్తు శాఖ తీసుకోవచ్చు. తీసుకోవచ్చు అన్నంత మాత్రాన తీసుకున్నట్టు కాదు. సిబ్బంది ఎంతమంది, జీపుకు డీజిల్ ఉందా అన్న ప్రశ్నలు చట్టం కంటే పెద్దవి.

ఈ రెంటికీ బయట అసలు కథ ఉంది. గుళ్ళు 1987 దేవాదాయ చట్టం కిందికి వస్తాయి. చెరువులు నీటిపారుదల శాఖవి. అడవిలో ఉన్న పాత బురుజు అటవీ శాఖది. రైలు స్టేషను రైల్వేది. గని గనుల శాఖది, లీజు తీసుకున్న కంపెనీది. జమీందారు మేడ వారసులది. వీళ్ళెవరికీ పాత కట్టడాన్ని కాపాడటం అసలు పని కాదు. దేవస్థానం పని భక్తులకు దర్శనం చేయించడం, రైల్వే పని రైళ్ళు నడపడం, నీటిపారుదల శాఖ పని పొలానికి నీళ్ళివ్వడం. కట్టడం ఆ పనికి సాయపడినంత కాలం బాగానే ఉంటుంది. అడ్డం వచ్చిన రోజు పోతుంది. ఇందులో దురుద్దేశం వెతకనక్కర్లేదు, వాళ్ళకు అప్పగించిన బాధ్యతే అది.

2010లో కేంద్ర చట్టానికి ఒక సవరణ చేశారు. రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆ తరువాత మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కోట ఊరి మధ్యలో ఉంటే దీని బాధ ఊరివాళ్ళకే తెలుసు. పాత గోడ పడిపోతే బాగుచేసుకోవడానికి కూడా అర్జీ పెట్టుకోవాలి, పైన ఇంకో అంతస్తు వేయాలంటే మర్చిపోవాల్సిందే. ఆ టెన్షన్ చూసిన పక్క ఊరివాళ్ళు తమ ఊరి పాత మండపం గురించి ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటారు. కాపాడటానికి చేసిన నిబంధన, కొత్తగా ఏదీ రక్షణలోకి రాకుండా చేస్తోంది. ఇది నా అభిప్రాయమే కావచ్చు, కానీ పల్లెల్లో ఎవరినడిగినా ఇదే మాట వస్తుంది.

చంద్రగిరి: పని ఆగిపోయింది కాబట్టి బతికింది

1565లో తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులు పెనుకొండకు, ఆ తరువాత చంద్రగిరికి వచ్చారు. వెనక నిటారు కొండ, ముందు స్వర్ణముఖి లోయ, దగ్గర్లో ఏడుకొండలవాడు. ఓడిపోయిన రాజ్యానికి అంతకంటే మంచి చోటు దొరకదు. 1646 ప్రాంతంలో గోల్కొండ చేతికి, 1782లో హైదర్ అలీ చేతికి వెళ్ళింది. ఆ ఏడాది డిసెంబరులోనే హైదర్ చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేటలో కన్నుమూశాడు.

మద్రాసు నగరానికి స్థలం ఇచ్చింది ఈ కోటలోనే, శ్రీరంగరాయలే ఇచ్చాడు అని అందరూ చెప్పేస్తారు. తేదీలు పట్టి చూస్తే చిక్కు ఉంది. ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డేకు అనుమతి దొరికింది 1639 ఆగస్టులో, ఇచ్చింది స్థానిక పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు. శ్రీరంగరాయలు సింహాసనం ఎక్కింది 1642లో. ఆయన చేసింది ముందే ఇచ్చినదాన్ని తరువాత ఖాయం చేయడం.

రాజమహల్ చూసేటప్పుడు చాలామంది పైకి చూసి గోపురాలు ఫోటో తీసుకుని వచ్చేస్తారు. చూడాల్సింది కప్పు లోపలివైపు. మూడంతస్తుల ఈ కట్టడంలో కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, అంతే. దూలం లేకుండా గది మీద గది నిలబెట్టడానికి ఇటుకలను వంపుగా పేర్చి, బరువు గోడల మీదికి జారేలా చేశారు. అన్నింటినీ పట్టి ఉంచింది సున్నం. అప్పటి పద్ధతిలో సున్నపురాయి కాల్చి, నీళ్ళు పోసి విరగదీసి, ఇసుకతో కలిపి, గుండ్రటి రాతి గాడిలో ఎద్దులు తిప్పే రాతి చక్రంతో నలగ్గొడతారు. దాన్నే గానుగ సున్నం అంటారు. గట్టిపడటానికి బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపే పద్ధతి దక్షిణాదిలో అంతటా ఉంది. అంటే ప్రతి కోట పక్కనా ఒక చిన్న పరిశ్రమ నడిచింది: సున్నం బట్టీలు, ఇటుక బట్టీలు, రాతి క్వారీ, కమ్మరి కొలిమి. కోట మిగిలింది, ఆ పరిశ్రమ ఆనవాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. సున్నం గానుగ రాళ్ళు పాత గుళ్ళ దగ్గర పొదల్లో ఇంకా కనిపిస్తాయి, వాటిని తిరగలి అనుకునేవాళ్ళూ ఉన్నారు.

ఈ సున్నం సంగతి తెలియకపోతే రిపేరు పేరుతో కట్టడాన్ని చంపేస్తాం. సున్నపు గోడ తేమను పీల్చుకుని మళ్ళీ బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూస్తే ఎండాకాలంలో ప్లాస్టిక్ చొక్కా తొడిగినట్టే: లోపలి తడి బయటికి రాదు, ఉప్పు పేరుకుంటుంది, కొన్నేళ్ళకు సిమెంటు పెచ్చు ఊడుతూ తనతో పాటు పాత ఇటుక ముఖాన్ని కూడా లాక్కుపోతుంది. కేంద్ర శాఖ కింద ఉన్న చోట ఈ జాగ్రత్త చాలావరకు ఉంటుంది. ఊరి గుళ్ళో దాత ఇచ్చిన డబ్బుతో "జీర్ణోద్ధరణ" జరిగే చోట మాత్రం సిమెంటు, ఆ పైన ఎనామిల్ పెయింటు, ఇంకా పైన టైల్స్.

చంద్రగిరి బతకడానికి అసలు కారణం దాంతో ఎవరికీ పని లేకపోవడమే. రాజు లేడు, సైన్యం లేదు. చట్టం చేతికి అలాంటిదే బాగా దొరుకుతుంది.

పని నడుస్తున్న చోట

తిరుమల దీనికి పూర్తిగా తిరగబడిన కథ. అక్కడ ప్రతి రాయీ రోజూ పని చేస్తోంది. జనం పెరిగారు, మాడవీధులు చాలలేదు. 15వ శతాబ్దపు వేయికాళ్ళ మండపం దారికి అడ్డమైంది. కోర్టుల దాకా వెళ్ళింది, చర్చ ఏళ్ళపాటు నడిచింది, మండపం మాత్రం తిరిగి రాలేదు. ఈమధ్య పార్వేట మండపాన్ని విప్పి కొత్తగా కట్టినప్పుడు, అలిపిరి పాదాల మండపం విషయంలోనూ మళ్ళీ అదే వాదన లేచింది. 2018 మే నెలలో కేంద్ర పురావస్తు శాఖ ఆలయ వివరాలు కోరుతూ ఒక ఉత్తరం రాస్తే పెద్ద గొడవైంది. గుడిని కేంద్రం లాక్కుంటోందన్న ప్రచారంతో ఆ ఉత్తరాన్ని వెంటనే వెనక్కి తీసుకున్నారు.

ఇందులో ఎవరిది తప్పు అంటే తేల్చడం కష్టం. రోజూ వేలమంది నడిచే మెట్టు అరుగుతుంది, మార్చాలి. కానీ మార్చే ముందు కొలతలు తీసి, రాయి రాయికీ నంబరు వేసి, శాసనాలు అచ్చు తీసి పెట్టుకుంటే తరువాత కనీసం ఏం పోయిందో తెలుస్తుంది. దేవస్థానం 1930ల్లోనే తన శాసనాలను సంపుటాలుగా అచ్చు వేయించింది. ఆ సంప్రదాయం శాసనాలకు ఉన్నంత పట్టుదలగా కట్టడాలకు కొనసాగలేదు.

శ్రీకాళహస్తి రాజగోపురం ఇంకో పాఠం. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం 2010 మే 26న కుప్పకూలింది. పగుళ్ళు అంతకు చాలా ముందు నుంచే ఉన్నాయి. 2017 నాటికి అదే రూపంలో కొత్తది లేచింది. పూజకు అది చాలు. కానీ ఇప్పుడు మనం చూస్తున్నది 21వ శతాబ్దపు కట్టడం, ఆ తేడా తెలిసి చూడాలి.

తిరుమల కొండ మీద ఇంకో రకం వారసత్వం ఉంది, దాన్ని ఎవరూ ఆ పేరుతో పిలవరు. మొదటి ఘాట్ రోడ్డు. 1944 ఏప్రిల్ 10న అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ దాన్ని ప్రారంభించాడు. అంతకుముందు నడిచి ఎక్కడం, లేదంటే డోలీ. ఇప్పుడు దిగడానికి వాడుతున్నది ఆ పాత రోడ్డే, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. పాత రోడ్డులో 36 హెయిర్‌పిన్ మలుపులు ఉన్నాయని చెబుతారు, వాంతులు చేసుకున్న పిల్లలందరికీ ఆ లెక్క కడుపుకే తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా పూర్తయిన ఈ రోడ్డు దక్షిణాది కొండ రోడ్ల ఇంజనీరింగ్‌కు మంచి ఉదాహరణ. చట్టం లెక్కలో దానికి 2044 దాకా వందేళ్ళు నిండవు.

ఆ రోడ్డు పక్కనే కొండను చెక్కిన చోట భూగర్భ శాస్త్రవేత్తలు దేశదేశాల నుంచి వచ్చి చూసే ఒక గీత ఉంది. కింద గ్రానైటు, పైన క్వార్ట్‌జైటు. రెండూ తాకే చోట కనీసం 50 కోట్ల ఏళ్ళ కాలం లెక్కకు రాకుండా పోయింది. ఆ మధ్యకాలపు రాయే లేదు. దీన్ని, పైన చక్రతీర్థం దగ్గరి శిలాతోరణాన్ని జాతీయ భూగర్భ స్మారకాలుగా జియలాజికల్ సర్వే ప్రకటించింది. ఆ ప్రకటన వెనక ప్రత్యేకంగా చట్టం లేదు. 2022లో ముసాయిదా బిల్లు ఒకటి బయటికి వచ్చింది, అంతే.

రాయలచెరువు: ఎవరూ వారసత్వమని అనని వారసత్వం

చిత్తూరు సీమలో పెద్ద నది లేదు. ఇక్కడి వ్యవసాయాన్ని ఐదారు వందల ఏళ్ళు నిలబెట్టింది చెరువులే. రెండు గుట్టల మధ్య ఇరుకు చూసి అక్కడ మట్టికట్ట వేయడం, వాన నీళ్ళు ఆపడం, నిండిన చెరువు మొరవ (అలుగు) పారి కింది చెరువులోకి, అది నిండి ఇంకా కిందికి. ఇలా గొలుసుకట్టుగా పోతుంది. దీన్ని పరిశ్రమ అనం కానీ, నిజానికి ఈ ప్రాంతంలో అన్నిటికంటే పెద్ద ఇంజనీరింగ్ నిర్మాణం ఇదే.

తిరుపతి దగ్గర రామచంద్రాపురం మండలంలో ఉన్న రాయలచెరువును శ్రీకృష్ణదేవరాయల కాలంలో తవ్వించారని చెబుతారు. ఏ పాత చెరువు దగ్గరికైనా వెళ్ళి మూడు చోట్ల ఆగి చూడండి. మొదట కట్ట లోపలివైపు: అలలు మట్టిని కోయకుండా రాళ్ళు పరిచి ఉంటాయి, సున్నం లేకుండా, ఒకదాని బరువు ఇంకోదాని మీద ఆనేలా. తరువాత తూము: నీళ్ళలో రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డరాళ్ళు, ఆ అడ్డరాళ్ళ రంధ్రాల గుండా కిందికి దిగే పొడుగాటి కర్ర. కర్ర కొసన బిరడా. దాన్ని పైకి లాగితే కట్ట కింద రాతి కాలువలోంచి నీళ్ళు పొలానికి పోతాయి. ఎంత లాగాలో నీరుగంటికి తెలుసు. ఎవరి మడికి ఎన్ని గంటలు, ముందు పైవాళ్ళకా కిందివాళ్ళకా అన్నదీ ఆయన చేతిలోనే. మూడోది మొరవ: కట్ట కంటే తక్కువ ఎత్తులో, చాలాసార్లు సహజమైన బండ మీదుగా. చెరువు ప్రాణం దాని మీదే ఉంది. మొరవ పూడిపోతే నీళ్ళు కట్ట ఎక్కుతాయి, మట్టికట్ట మీదుగా నీళ్ళు పారాయంటే ఆ కట్ట పోయినట్టే.

ఇదంతా ఊరికే నిలబడలేదు. చెరువు కట్టించినవాడికో, చూసుకునేవాడికో ఆయకట్టులో పదోవంతు ప్రతిఫలం ఉండేది, దశబంధం అనేవాళ్ళు. రాయలసీమ శాసనాల్లో, కైఫీయతుల్లో ఈ మాట తరచుగా తగులుతుంది. పూడిక తీయకపోతే ఆ మాన్యం పోతుంది. 1948లో జమీందారీల రద్దు, 1956లో ఇనాముల రద్దు జరిగాయి. భూమి హక్కుల కోణంలో అవి మంచి చట్టాలే. కానీ చెరువుకూ దాన్ని చూసుకునేవాడి రాబడికీ ఉన్న పాత లంకె వాటితో పూర్తిగా తెగింది. బాధ్యత ప్రభుత్వ శాఖలకు వెళ్ళింది. 1997లో సాగునీటి సంఘాల చట్టం వచ్చింది, కొన్నిచోట్ల పనిచేసింది, కొన్నిచోట్ల కాంట్రాక్టు బిల్లుల దగ్గర ఆగింది. ఈలోగా బోరుబావి వచ్చింది. బోరున్న రైతుకు తూముతో పనిలేదు, తూముతో పనిలేని ఊళ్ళో కాలువ ఆక్రమణ అవుతుంది.

2021 నవంబరులో వానలు ముంచెత్తినప్పుడు రాయలచెరువు కట్టకు లీకేజీ పడింది. కింది ఊళ్ళను ఖాళీ చేయించారు, ఇసుక బస్తాలు వేశారు, టీవీలన్నీ అక్కడే ఉన్నాయి. కట్ట నిలబడింది. ఆ వారం రోజులూ అందరూ "ఐదు వందల ఏళ్ళ చెరువు" అన్నారు. ప్రమాదం తప్పాక ఆ మాట మాయమైంది. చంద్రగిరి రాజమహల్‌లాగే విజయనగర కాలపు నిర్మాణం, ఇంకా నీళ్ళిస్తూనే ఉంది. అయినా పాత చెరువులన్నీ రక్షిత జాబితాలోకి ఎక్కాలని నేననను. ఎక్కితే తూముకు కొత్త షట్టరు వేయడానికి కూడా ఢిల్లీ అనుమతి కావాలి. చెరువుకు కావాల్సింది పూడికతీత, మొరవ మీద కన్ను, పాత రాతి తూమును జేసీబీతో లాగేయకుండా పక్కన కొత్తది కట్టే పాటి ఓపిక.

పట్టాలు

1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు రైలు వెళ్ళడం మొదలైంది, కుప్పం కొండల మీదుగా. 1890ల మొదట్లో కాట్పాడి, తిరుపతి, పాకాల, ధర్మవరం మీటర్ గేజ్ లైను వచ్చింది. మీటర్ గేజ్ అంటే పట్టాల మధ్య ఒక్క మీటరే, బ్రాడ్ గేజ్‌లో 1.676 మీటర్లు. ఇరుకు పట్టాలకు మలుపులు సులువు, కొండ కోత తక్కువ, ఖర్చు తక్కువ. పీలేరు, కలికిరి, వాయల్పాడు మీదుగా గుట్టల మధ్య వంకర్లు తిరుగుతూ పోయే ఆ లైను మీద చింతపండు, బెల్లం, వేరుశనగ, మామిడి ప్రయాణం చేశాయి. 1992లో దేశమంతా ఒకే గేజ్ అన్న నిర్ణయం జరిగింది, 2010 నాటికి ధర్మవరం దాకా పట్టాలు మారిపోయాయి.

మారడం మంచిదే, ఇప్పుడు తిరుపతికి నేరుగా రైళ్ళున్నాయి. డార్జిలింగ్, నీలగిరి, కాల్కా–సిమ్లా రైళ్ళు యునెస్కో జాబితాలోకి వెళ్ళాయంటే అవి పాత పట్టాల మీదే ఇంకా నడుస్తున్నాయి కాబట్టి. పాకాల లైనుకు ఆ అవకాశం లేదు, అది టూరిస్టుల లైను కాదు, జనం అవసరానికి వేసినది. మిగిలేది చిన్న చిన్న రాతి వంతెనలు, పెంకుల కప్పు స్టేషన్లు, ఆవిరి ఇంజన్ల కాలపు నీళ్ళ ట్యాంకులు. వీటి జాబితా ఒకటి తయారు చేయడానికి పెద్ద ఖర్చు కాదు.

బెల్లం గానుగల సంగతి ఇంకా కష్టం. చిత్తూరు బెల్లం పేరున్న సరుకు. కానీ గానుగ అంటే తాటాకు పందిరి, చెరకు ఆడే మిషను, ఇనుప పెనం, తవ్విన పొయ్యి. సీజను అయిపోతే అక్కడ బూడిద తప్ప ఏమీ ఉండదు. పాకం ఎప్పుడు దించాలో తెలిసిన మనిషే అక్కడ వారసత్వం. ఆ తరువాత వచ్చిన సహకార చక్కెర ఫ్యాక్టరీలకు పెద్ద షెడ్లూ పొగగొట్టాలూ ఉన్నాయి. చిత్తూరుదీ, రేణిగుంట దగ్గర గాజులమండ్యందీ మూతపడ్డాయి. వాటి గురించి మాట్లాడేది రైతుల బకాయిల లెక్కల్లోనే, అది సహజమే.

బంగారు గని: అందరికంటే అనాథ

కోలారు కథ అందరికీ కొంత తెలుసు. 1880లో జాన్ టేలర్ కంపెనీ పెద్ద ఎత్తున తవ్వడం మొదలుపెట్టింది. 1902లో శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది, దేశంలో అంతదూరం కరెంటు తెచ్చిన మొదటి లైన్లలో అది ఒకటి. గని మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్ళింది. కూలీలు ఎక్కువగా తమిళులు, ఉత్తర ఆర్కాటు, చిత్తూరు పల్లెల తెలుగువాళ్ళు. భారత్ గోల్డ్ మైన్స్ 1972లో ఏర్పడింది, 2001 ఫిబ్రవరి ఆఖరున మూతపడింది. దాంతో పాటే చిగురుగుంట, బిసానత్తం కూడా.

ఆ రాతిపట్టీ చాలా పాత కాలం నుంచి తవ్వుడుకు అలవాటు పడినదే. కోలారు బెల్టులో బ్రిటిష్ ఇంజనీర్లు వచ్చేసరికే పాత గోతులు ఉన్నాయి. బండ పక్కన కట్టెలు పేర్చి మంట పెట్టి, కాలిన రాయి మీద నీళ్ళు కుమ్మరిస్తే అది పగులుతుంది. బాంబులు లేని రోజుల్లో బంగారం తీసిన పద్ధతి అది. అంటే ఇక్కడి గని చరిత్ర కోట చరిత్రకు ఏ మాత్రం తీసిపోదు.

మరి గనిని కాపాడటం ఎందుకంత కష్టం? ముఖ్యమైనది భూమి లోపల ఉంటుంది. పంపులు ఆగిన రోజు నుంచి ఊటనీళ్ళు నిండుతాయి, కొన్నేళ్ళలో సొరంగాలన్నీ మునిగిపోతాయి. భూమి పైన ఉండేది ఇనుము: షాఫ్టు (గనిలోకి నిలువుగా దిగే బావి) మీద నిలబడే ఎత్తైన చట్రం, దాని మీద పెద్ద చక్రం, రోలర్లు, మిల్లులు. మూతపడిన కంపెనీ ఆస్తుల్లో ముందు అమ్ముడయ్యేది అదే, తుక్కు కింద. మిగిలేది ఎవరూ కొననిది: రాయిని పొడి చేసి సైనైడుతో బంగారాన్ని కరిగించి తీసుకున్నాక వదిలేసిన బూడిదరంగు మట్టి గుట్టలు. కేజీఎఫ్‌లో సినిమా షూటింగులు చేసిన ఆ గుట్టలు చూడ్డానికి బాగుంటాయి, గాలి తోలితే ఆ దుమ్ము ఇళ్ళలోకి వస్తుంది. పారిశ్రామిక వారసత్వానికి అంతర్జాతీయ నిర్వచనం ఇచ్చిన 2003 నిజ్నీ తాగిల్ పత్రం యంత్రాలు, కూలీల క్వార్టర్లు, పని నేర్పు అన్నింటినీ కలిపి చూడమంటుంది. మన చట్టం అలా చూడొద్దని ఎక్కడా అనలేదు. చూసే కన్ను అలవాటు పడలేదు, అంతే. పైగా వందేళ్ళ నిబంధన: చిగురుగుంటలో ఆధునిక తవ్వకం ఆనవాళ్ళకు ఆ వయసు లేదు.

ఇంకో చిక్కు అన్నింటికంటే పెద్దది. బంగారం ఇంకా ఉంది. చిగురుగుంట–బిసానత్తం బ్లాకును వేలం వేశారు, కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీకి దక్కింది. టన్ను రాతికి ఐదు గ్రాముల చుట్టూ బంగారం అంటున్నారు, ఈ ధరల్లో అది మామూలు విషయం కాదు. ఉద్యోగాల కోసం బెంగళూరు రైలెక్కే కుప్పం కుర్రాళ్ళకు గని తెరుచుకోవడమే కావాలి. పాత షాఫ్టు కోసం కొత్త గని ఆపమని అడిగే హక్కు నాకైతే లేదనిపిస్తుంది.

కానీ అడగగలిగింది ఒకటుంది. చిగురుగుంట పక్కనే మల్లప్పకొండ, కాస్త అవతల కుప్పం దగ్గర కంగుంది కోట, 1864 నాటి రైలు మార్గం, గుడుపల్లె, బిసానత్తం స్టేషన్లు, పైన పలమనేరు వైపు వీరగల్లులు. ఇవన్నీ వేర్వేరు ఆఫీసుల్లో ఉన్నాయి. ఎక్కడా ఒకే జాబితాగా లేవు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు హార్స్‌లీ హిల్స్, గుర్రంకొండ, మదనపల్లె చిత్తూరు నుంచి వెళ్ళిపోయాయి, రికార్డులు ఇంకా చెదిరాయి. పుంగనూరు, కార్వేటినగరం జమీందారీ కట్టడాలైతే ప్రైవేటు, ప్రభుత్వం మధ్య ఎటూ కాకుండా ఉన్నాయి.

జాబితా లేకపోతే ఏమవుతుందో చెప్పే చోటు ఒకటుంది. పెద్ద గనికైనా పెద్ద క్వారీకైనా 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం దరఖాస్తు పెట్టాలి. చుట్టూ 15 కిలోమీటర్లలో చట్టపరంగా రక్షణ ఉన్న సాంస్కృతిక స్థలాలు ఏమున్నాయని ఫారంలో ఒక గడి ఉంటుంది. జాబితాలో లేనిది ఆ గడిలో ఉండదు. వీరగల్లు ఉండదు, రాతి తూము ఉండదు, పాత గని గొయ్యి అసలే ఉండదు. అయితే అదే నోటిఫికేషన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉంది. కలెక్టరో ఆయన ప్రతినిధో కూర్చుంటారు. ఎవరు ఏం అడిగినా రాసుకోవాలి, సభ చివర ఆ సారాంశాన్ని స్థానిక భాషలో అందరికీ చదివి వినిపించాలి. అక్కడ సాధారణంగా ఉద్యోగాలు, దుమ్ము, బోర్ల నీళ్ళు, లారీల గురించి మాట్లాడతారు. వాటితో పాటు "తవ్వే ముందు పాత పనుల కొలతలు, ఫోటోలు తీయించి ఒక కాపీ పంచాయతీలో, ఒక కాపీ జిల్లా కేంద్రంలో పెట్టండి, మిగిలిన యంత్రాల్లో ఒకటైనా తుక్కుకు అమ్మకుండా ఊళ్ళో ఉంచండి" అని అడగడానికి చట్టం అడ్డం కాదు. కంపెనీకి ఆ ఖర్చు ఒక లారీ టైర్ల ధరకు మించదు.